నైలాన్ సృష్టికర్త వాలేస్ కారథర్స్

పెరటిలో బట్టలు ఆరవేసే తాడు, తెల్లవారగానే చేతికి వచ్చే పళ్ళు తోముకొనే బ్రష్షు, తుంగభద్ర ఒడ్డున జాలరి భుజాన వేసుకొని పోయే వల - ఈ మూడింటిలోనూ మనకు కనిపించే పదార్థం నైలాన్. చదువురాని వారికి కూడా ఆ పేరు తెలుసు. సంతకు వచ్చిన రైతు తాడు కొనేటప్పుడు నైలాన్ తాడే కావాలని అడిగి మరీ తీసుకొంటాడు. కాని ఆ పేరు వెనుక ఉన్న మనిషి ఎవరో, ఆయన ఎట్లా జీవించారో, ఎట్లా వెళ్ళిపోయారో మనలో చాలమందికి తెలియదు.

నాకూ చాలకాలం తెలియలేదు. కొన్ని సంవత్సరాల క్రితం పదవ తరగతి వారికి కర్బన సమ్మేళనాల పాఠం చెబుతుండగా, చివరి బల్ల మీద కూర్చున్న ఒక బాలిక లేచి, నైలాన్ కనిపెట్టిన ఆయన బాగా డబ్బు సంపాదించి సుఖపడ్డారా అని అడిగింది. ఆయన గురించి నాకు తెలిసినది పేరు ఒక్కటే. ఆ మాట తరగతిలోనే ఒప్పుకొని, తెలుసుకొని చెబుతానని మాట ఇచ్చాను. ఆ మాట నిలుపుకోవడానికి చదివిన జీవితకథ నన్ను చాలాకాలం వెన్నాడింది. మన పాఠశాల ప్లాటినం జూబిలీ సంచికకు ఒక శాస్త్రజ్ఞుని జీవితం వ్రాయవలసి వచ్చినప్పుడు మొదట తలపునకు వచ్చినది ఆ కథే. అందుకు మరొక కారణం కూడా ఉన్నది. ఆ శాస్త్రజ్ఞుని డాక్టరేటు పరిశోధన సాగినది ప్లాటినంతోనే.

బాల్యము - విద్యాభ్యాసము

వాలేస్ హ్యూమ్ కారథర్స్ 1896వ సంవత్సరం ఏప్రిల్ 27వ తేదీన అమెరికాలోని అయోవా రాష్ట్రంలో, బర్లింగ్టన్ పట్టణంలో జన్మించారు. నలుగురు సంతానంలో ఆయనే పెద్దవారు. తండ్రి ఐరా కారథర్స్ ఉపాధ్యాయుడు. డెమోయిన్ నగరంలోని ఒక వాణిజ్య కళాశాలలో బోధించి, తరువాత దానికి ఉపాధ్యక్షులయ్యారు. తల్లి మేరీకి సంగీతమంటే ప్రాణం. ఆ అభిరుచి కుమారునికీ, కుమార్తెలకూ సంక్రమించింది. కుమార్తెలలో ఇసొబెల్ తరువాతి కాలంలో రేడియో కళాకారిణిగా దేశమంతటా పేరు తెచ్చుకొన్నది. అన్నకు ఆమె అంటే పంచప్రాణాలు.

పెద్దకొడుకు తన బాటలోనే నడిచి లెక్కల పద్దులు నేర్చుకోవాలని తండ్రి కోరిక. ఉన్నత పాఠశాల చదువు 1914లో ముగియగానే, తండ్రి మాట కాదనలేక వాలేస్ ఆ వాణిజ్య కళాశాలలోనే చేరి, సంవత్సరం తిరగకముందే ఆ కోర్సు పూర్తిచేశారు. మనసు మాత్రం విజ్ఞానశాస్త్రం మీదనే ఉండేది. 1915లో మిస్సోరీ రాష్ట్రంలోని టార్కియో కళాశాలలో చేరారు. అది చిన్న కళాశాల. చదువుకు కావలసిన డబ్బు కోసం అక్కడి వాణిజ్య విభాగంలో పిల్లలకు పాఠాలు చెబుతూ చదువుకొన్నారు.

అక్కడ ఆయనకు దొరికిన వరం రసాయనశాస్త్రాచార్యులు ఆర్థర్ పార్డీ. ఈ ఉపాధ్యాయుడు శిష్యునిలోని మెరుపును మొదటి చూపులోనే పట్టుకొన్నారు. కొంతకాలానికి పార్డీ మరొక విశ్వవిద్యాలయానికి వెళ్ళిపోయారు. అది మొదటి ప్రపంచయుద్ధకాలం. కొత్త ఆచార్యుడు దొరకలేదు. అప్పుడు కళాశాల వారు చేసిన పని మనకు వింతగా తోస్తుంది. ఇంకా పట్టభద్రుడు కాని వాలేస్ కారథర్స్‌నే రసాయనశాస్త్రం బోధించమన్నారు. తోటి విద్యార్థులకు తానే గురువై, పాఠం చెబుతూ తాను నేర్చుకొంటూ, 1920లో ఆయన పట్టం పుచ్చుకొన్నారు.

ప్లాటినం పరిశోధన

పై చదువుకు ఆయన ఇల్లినాయి విశ్వవిద్యాలయానికి వెళ్ళారు. 1921లో స్నాతకోత్తర పట్టం పొందిన తరువాత పార్డీ పిలుపు మేరకు దక్షిణ డకోటాలో ఒక సంవత్సరం బోధించి, డబ్బు కూడబెట్టుకొని, మళ్ళీ ఇల్లినాయికి వచ్చి రోజర్ ఆడమ్స్ అనే ప్రఖ్యాత రసాయనవేత్త వద్ద పరిశోధకులుగా చేరారు.

ఆ రోజులలో ఆడమ్స్ ప్రయోగశాలలో ప్లాటినం ఆక్సైడు అనే ఉత్ప్రేరకం మీద పని జరుగుతున్నది. ఉత్ప్రేరకం అంటే ఏమిటో మన పాతవిద్యార్థులు మరచిపోయి ఉండరు. చర్య ముగిసిన పిమ్మట తాను తరిగిపోకుండా మిగిలి, ఇతర పదార్థాల మధ్య చర్యను త్వరితం చేసే పదార్థమే ఉత్ప్రేరకం. పెళ్ళి కుదిర్చిన పెద్దమనిషి వంటిది. రెండు కుటుంబాలు కలుస్తాయి. పెద్దమనిషి ఉత్తరీయం దులుపుకొని మరొక సంబంధం చూడడానికి వెళ్ళిపోతాడు.

ఆల్డిహైడ్లు అనే పదార్థాలకు హైడ్రోజన్ చేర్చడంలో ప్లాటినం ఒక్కటే ఉన్నప్పుడు పని మందకొడిగా సాగేది. దానికి అతి స్వల్పంగా ఇనుప లవణం తగిలిస్తే అదే ప్లాటినం చురుకుగా పనిచేస్తుందని గురుశిష్యులు 1923లో ప్రకటించారు. అపురూపమైన లోహానికి కూడా చిటికెడు ఇనుము అండ కావలసి వచ్చిందన్నమాట. ఈ రంగంలో చేసిన కృషికే 1924లో కారథర్స్‌కు డాక్టరేటు లభించింది.

ఇల్లినాయిలో రెండు సంవత్సరాలు బోధించిన తరువాత 1926లో హార్వర్డు విశ్వవిద్యాలయం ఆయనను పిలిచింది. మన భీమవరంలో 1895లో జన్మించిన డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు గారు కూడ ఆ కాలంలో హార్వర్డు వైద్య విభాగంలోనే పరిశోధన చేస్తూ ఉండేవారు. వయస్సులో ఒక్క సంవత్సరం తేడా ఉన్న ఆ ఇద్దరూ తరువాత విశ్వవిద్యాలయం విడిచి, పరిశ్రమల ప్రయోగశాలలలో తమ జీవితంలోని అతి గొప్ప పనులు చేశారు. ఒకరు ఔషధాలు ఇచ్చారు, ఒకరు దారమిచ్చారు.

కంపెనీ నుండి పిలుపు

విల్మింగ్టన్ నగరంలోని డ్యూపాంట్ కంపెనీ వారు 1927లో ఒక కొత్త ప్రయత్నం తలపెట్టారు. వెంటనే లాభం వచ్చే వస్తువు కోసం కాకుండా, కేవలం ప్రకృతి రహస్యం తెలుసుకోవడం కోసమే కొందరు శాస్త్రజ్ఞులను నియమించి, వారికి స్వేచ్ఛనివ్వాలని ఆ కంపెనీ రసాయన విభాగాధిపతి చార్లెస్ స్టైన్ నిర్ణయించారు. కర్బన రసాయనశాస్త్రానికి వారు కోరుకొన్న వ్యక్తి కారథర్స్. హార్వర్డులో ఆయన జీతం నెలకు సుమారు 267 డాలర్లు. కంపెనీ వారు 500 డాలర్లు ఇస్తామన్నారు.

కారథర్స్ మొదట వద్దన్నారు. అందుకు ఆయన చెప్పిన కారణాలలో ఒకటి ఈ కథకంతటికీ ఆయువుపట్టు. తనకు అప్పుడప్పుడు మనసు కుంగిపోయే రోజులు వస్తాయనీ, ఆ రోజులలో తాను పని చేయలేననీ, విశ్వవిద్యాలయంలో దానిని సర్దుకోవచ్చును గాని కంపెనీలో అది పెద్ద ఆటంకమవుతుందనీ ఆయన లేఖలో నిజాయితీగా తెలియజేశారు. కొత్త ఉద్యోగం ఇస్తామన్నవారికి తన లోపలి వ్యథను దాచకుండా చెప్పిన మనిషి ఎంత సత్యవంతుడో ఆలోచించండి. కంపెనీ వారు మళ్ళీ మనుషులను పంపి ఒప్పించారు. 1928 ఫిబ్రవరిలో ఆయన విల్మింగ్టన్ చేరారు. అప్పటికి ఆయన వయస్సు 31 సంవత్సరాలు.

చేయి చేయి కలిపిన గొలుసు

ఆనాడు రసాయనశాస్త్రంలో ఒక పెద్ద వివాదం నడుస్తున్నది. పట్టు, పత్తి, రబ్బరు వంటి పదార్థాలు వేలకొలది పరమాణువులు వరుసగా ముడిపడిన పొడవైన అణువులని జర్మనీకి చెందిన హెర్మన్ స్టాడింగర్ 1920 నుండి వాదిస్తున్నారు. కాదు, చిన్న చిన్న అణువులే ఏదో తెలియని శక్తితో గుంపుకట్టి ఉన్నాయని చాలామంది పెద్దలు నమ్మేవారు. వాదించడం కంటే చేసి చూపడం మేలని కారథర్స్ సంకల్పించారు. తెలిసిన చర్యతో, తెలిసిన చిన్న అణువులను ఒక్కొక్కటిగా కలుపుకొంటూ పోయి, పొడవైన అణువును కట్టి చూపితే వివాదమే ఉండదు కదా!

దీనిని మన పిల్లలకు నేను ఇట్లా చెబుతాను. ప్రార్థనా మైదానంలో పిల్లలు చేయీ చేయీ పట్టుకొని నిలబడితే వరుస ఎంత దూరమైనా సాగుతుంది. ప్రతి ఒక్కరికీ రెండు చేతులు ఉండడమే అందుకు కారణం. అట్లాగే రెండు వైపులా ఆమ్ల సమూహమున్న అణువును, రెండు వైపులా ఆల్కహాలు సమూహమున్న అణువుతో కలిపితే ఒక కొస తరువాత మరొక కొస ముడిపడుతూ గొలుసు పెరుగుతుంది. ముడిపడిన ప్రతిచోటా ఒక నీటి అణువు విడివడుతుంది. ఇట్లా ఏర్పడే ముడిని ఎస్టర్ అంటారు. అనేక ఎస్టర్ ముళ్ళున్న గొలుసే పాలిఎస్టర్. ఆల్కహాలుకు బదులు అమీన్ వాడితే ఏర్పడేది పాలిఅమైడు. నైలాన్ ఆ జాతికి చెందినదే.

చెప్పడం సులువు. చేసి చూస్తే గొలుసు అణుభారం 5000, 6000 దాటి పెరగలేదు. విడివడిన నీరు అక్కడే ఉండి, కలిసిన చేతులను మళ్ళీ విడదీస్తున్నదని కారథర్స్ గ్రహించారు. గాలి తీసివేసిన పాత్రలో, వేడి పదార్థానికి అతి సమీపంలోనే చల్లని తలం ఉండే బట్టీని వాడి, బయలుదేరిన నీటి అణువు తిరిగి రాకుండా అక్కడే పట్టుకొనే ఏర్పాటు చేశారు. 1930 ఏప్రిల్ నెలాఖరున ఆయన సహచరుడు జూలియన్ హిల్ ఆ బట్టీ నుండి అణుభారం 12,000 దాటిన పాలిఎస్టర్‌ను బయటికి తీశారు. కరిగిన ముద్దలో గాజుకడ్డీ ముంచి లాగితే దారం వచ్చింది. చల్లారిన దారాన్ని మళ్ళీ సాగదీస్తే తెగిపోలేదు సరికదా, పట్టువలె మెరిసి మరింత గట్టిపడింది. చిందరవందరగా ఉన్న గొలుసులన్నీ సాగిన దిశలో వరుసకట్టడమే ఆ బలానికి కారణం.

ఆ ఏప్రిల్ నెలలోనే ఆయన బృందంలోని ఆర్నాల్డ్ కాలిన్స్ చేతిలో కృత్రిమ రబ్బరు పుట్టింది. అసిటిలీన్ వాయువును రాగి క్లోరైడు ఉత్ప్రేరకంతో కలిపే మార్గాన్ని నోటర్‌డామ్ విశ్వవిద్యాలయంలోని ఫాదర్ జూలియస్ న్యూలాండ్ అంతకుముందే కనుగొన్నారు. ఆ దారిలో వెళ్ళిన కారథర్స్ బృందానికి క్లోరోప్రీన్ అనే ద్రవం, దాని నుండి నేల మీద వేస్తే ఎగిరిపడే గట్టి ముద్ద లభించాయి. అదే నేడు నియోప్రీన్ అని పిలువబడుతున్నది. నూనె తగిలినా పాడుకాని ఆ రబ్బరు గొట్టాలకూ, యంత్రాల బెల్టులకూ ఎంతో ఉపయోగపడింది. ఒక్క నెలలో ఒక్క ప్రయోగశాలలో రెండు మహాద్భుతాలు! శాస్త్రచరిత్రలో ఇటువంటి నెల అరుదు.

నైలాన్ అవతరణ

అయితే హిల్ తీసిన పాలిఎస్టర్ దారం వేడికి త్వరగా మెత్తబడేది. నీటికీ తట్టుకొనేది కాదు. ఇస్త్రీపెట్టె తగిలితే కరిగే బట్టను ఎవరు కొంటారు? స్టైన్ తరువాత అధిపతిగా వచ్చిన ఎల్మర్ బోల్టన్ అమ్మకానికి పనికివచ్చే దారం కావాలని పట్టుబట్టారు. కొంతకాలం విసిగి పక్కన పెట్టిన ఆ పనిని కారథర్స్ 1934లో మళ్ళీ చేపట్టి, ఈసారి పాలిఅమైడు మార్గం పట్టారు. ఆ సంవత్సరం మే 24న డొనాల్డ్ కాఫ్‌మన్ చక్కని దారం లాగారు. 1935 ఫిబ్రవరి 28న జెరార్డ్ బెర్షే, కారథర్స్ మార్గదర్శకత్వంలో, ఆరు కర్బన పరమాణువులున్న అమీన్‌ను, ఆరు కర్బన పరమాణువులున్న ఎడిపిక్ ఆమ్లంతో కలిపి మరొక పాలిఅమైడు తయారుచేశారు. ఆరు, ఆరు - అందుకే దానిని నైలాన్ 66 అంటారు. ఈ రెండింటినీ బెంజీన్ నుండి చేయవచ్చు గనుక బోల్టన్ దీనినే ఎన్నుకొన్నారు.

ఇక్కడ ఒక విశేషం గమనింపదగినది. ఆమ్లమూ అమీనూ ఒకదానినొకటి అంతగా కోరుకొంటాయి గనుక వాటిని కలిపి మూసిన పాత్రలో వేడిచేస్తే చాలు, నైలాన్ గొలుసు తయారవుతుంది. ప్రత్యేకించి ఉత్ప్రేరకం అవసరం లేదు. కాని ఆ ఆమ్లాన్ని, ఆ అమీన్‌ను టన్నులకొలది తయారుచేయడానికి మాత్రం అధిక పీడనం వద్ద ఉత్ప్రేరకాల సాయం తప్పలేదు. పశ్చిమ వర్జీనియాలోని బెల్ కర్మాగారంలో ఆ విద్య అప్పటికే ఉన్నది. తెర మీద కనిపించేది ఒకటైతే, తెర వెనుక పనిచేసేది మరొకటి.

పేటెంట్లు - మూసుకొన్న తలుపులు

కారథర్స్ పేరు మీద యాభైకి పైగా అమెరికా పేటెంట్లు ఉన్నాయి. పేటెంటు అంటే ఒక నూతన కల్పనకు ప్రభుత్వం కొంతకాలం పాటు ఇచ్చే ఏకహక్కు. దానికి బదులుగా కల్పన చేసినవారు తమ రహస్యాన్ని లోకానికి విప్పి చెప్పాలి. పొడవైన గొలుసు అణువులపై 1931 జూలైలో దాఖలైన దరఖాస్తుకు 1937 ఫిబ్రవరి 16న 20,71,250 సంఖ్య గల పేటెంటు వచ్చింది. నైలాన్ దారానికి సంబంధించిన దరఖాస్తు 1937 ఏప్రిల్ 9న దాఖలైనది. దానికి 1938 సెప్టెంబరు 20న 21,30,948 సంఖ్య లభించింది. ఆవిష్కర్తగా ఆయన పేరు ఉన్నా, ఉద్యోగ నిబంధన ప్రకారం హక్కులన్నీ కంపెనీవే.

ఎంత గొప్పవారికైనా కొన్ని దారులు కనిపించకుండా పోతాయి. కాప్రోలాక్టమ్ అనే వలయాకారపు అణువు గొలుసుగా మారదని, ఉత్ప్రేరకం వేసినా వేయకపోయినా ఫలితం ఒక్కటేనని కారథర్స్, బెర్షే 1930లో ప్రకటించారు. జర్మనీలో పాల్ ష్లాక్ అనే శాస్త్రజ్ఞుడు ఆ మాటను అంతటితో వదలలేదు. 1938 జనవరిలో ఆయన సరైన ప్రేరకాన్ని కొద్దిగా చేర్చి వేడిచేయగా ఆ వలయం విచ్చుకొని గొలుసైనది. అదే నైలాన్ 6. అమెరికా వారి పేటెంటుకు తగలకుండా మరొక నైలాన్ అవతరించింది.

పాలిఎస్టర్ సంగతి కూడా అంతే. కారథర్స్ వాడిన ఆమ్లాలు మెత్తని గొలుసులు. బెంజీన్ వలయమున్న టెరిథాలిక్ ఆమ్లం వాడితే గొలుసు బిరుసెక్కుతుందని ఇంగ్లండులో జాన్ రెక్స్ విన్‌ఫీల్డ్, జేమ్స్ డిక్సన్ 1941లో రుజువు చేశారు. వారు కారథర్స్ పరిశోధన మీద ఆధారపడే ముందుకు నడిచారు. మన నాన్నలు పండుగకు కుట్టించుకొన్న టెరిలిన్, టెరీకాటన్ చొక్కాలు ఆ మార్గాన వచ్చినవే. పత్తికి పేరుపడిన మన రాయచూరు సీమలో కూడా పత్తినూలుతో పాటు ఈ దారం పెట్టెలలోకి చేరింది. ఆమ్లమూ అమీనూ వలె ఆమ్లమూ ఆల్కహాలూ అంత తొందరగా కలవవు. అందుకే పాలిఎస్టర్ తయారీలో ఉత్ప్రేరకం తప్పనిసరి. నేటికీ ఎక్కువగా వాడేది ఆంటిమొనీ సమ్మేళనాలనే. ప్రయాణంలో మనం కొనే నీళ్ళ సీసా, టెరీకాటన్ చొక్కాలోని దారం రసాయనపరంగా ఒక్క పదార్థమే అంటే పిల్లలు మొదట నమ్మరు. ఆ సీసాలు కాలువల్లో చేరి చివికిపోకుండా నిలిచి ఉండడం మన తరం తీర్చవలసిన లెక్క.

ఒక దారి మూసుకొన్నదని ఒకరు వ్రాస్తే, అక్కడ చిటికెడు ఉత్ప్రేరకం చేర్చి మరొకరు తెరిచారు. శాస్త్రం అనేది ఒక్కరి చేతి గొలుసు కాదు.

లోపలి చీకటి

బయటి లోకానికి కారథర్స్ విజయపరంపర కనిపించింది. 1936 ఏప్రిల్‌లో ఆయన అమెరికా జాతీయ విజ్ఞాన అకాడమీకి ఎన్నికయ్యారు. పరిశ్రమలో పనిచేసే కర్బన రసాయనవేత్తకు ఆ గౌరవం దక్కడం అదే ప్రథమం. ఆయన వద్ద 1934లో చేరిన పాల్ ఫ్లోరీ అనే యువకుడు గొలుసు అణువుల గణితాన్ని అక్కడే ప్రారంభించి, 1974లో నోబెల్ బహుమతి అందుకొన్నారు. ఆయనను ఆ దారికి మళ్ళించినది కారథర్సే.

ఆ ఫిబ్రవరిలోనే ఆయనకు హెలెన్ స్వీట్‌మన్‌తో వివాహమైంది. ఆమె కూడా రసాయనశాస్త్రం చదివి, అదే కంపెనీలో పేటెంటు దరఖాస్తులు సిద్ధంచేసే విభాగంలో పనిచేసేవారు. ఇల్లు కుదుటపడింది, పేరు వచ్చింది, ఇంకేమి కావాలి అని లోకం అనుకొంటుంది. కాని యౌవనం నుండి వెంటాడుతున్న కుంగుబాటు ఆయనను విడువలేదు. తాను సాధించినది ఏమీ లేదనీ, తనలో కొత్త ఆలోచనలు ఎండిపోయాయనీ ఆయన నమ్మసాగారు. ఆ వేసవిలో ఫిలడెల్ఫియాలోని మానసిక వైద్యశాలలో చికిత్స పొందారు. మిత్రులు విహారయాత్రలకు తీసుకొని వెళ్ళారు. కంపెనీ వారు పని భారం తగ్గించారు. కుంగుబాటుకు నేడున్న మందులేవీ ఆనాటి వైద్యానికి తెలియవు.

1937 జనవరిలో చెల్లెలు ఇసొబెల్ న్యుమోనియాతో హఠాత్తుగా మరణించింది. ఆ దెబ్బ నుండి ఆయన తేరుకోలేదు. నలభై ఒకటవ పుట్టినరోజు గడిచిన రెండు రోజులకు, 1937 ఏప్రిల్ 29న, ఫిలడెల్ఫియాలో తన జీవితాన్ని తానే ముగించుకొన్నారు. నైలాన్ దారం దరఖాస్తు దాఖలై అప్పటికి ఇరవై రోజులు. తండ్రి మరణించిన ఏడు నెలలకు, నవంబరు 27న, ఆయన కుమార్తె జేన్ జన్మించింది.

తరువాతి చరిత్ర అందరికీ తెలిసినదే. 1938 ఫిబ్రవరిలో నైలాన్ కుచ్చు గల పళ్ళ బ్రష్షులు బజారుకు వచ్చాయి. ఆ అక్టోబరులో నైలాన్ పేరు లోకానికి ప్రకటించబడింది. 1939 డిసెంబరులో సీఫర్డ్ పట్టణంలో కర్మాగారం పని ప్రారంభించింది. 1940 మే 15న అమెరికా అంతటా నైలాన్ మేజోళ్ళు అమ్మకానికి పెడితే స్త్రీలు బారులు తీరారు. రెండవ ప్రపంచయుద్ధంలో పారాచూట్లకూ, తాళ్ళకూ, టైర్లకూ అదే ఆధారమయింది. స్టాడింగర్ వాదం నిజమని తేలి ఆయనకు 1953లో నోబెల్ బహుమతి వచ్చింది. ఆ సత్యాన్ని తన చేతులతో కట్టి చూపిన కారథర్స్ వీటిలో ఒక్కటీ చూడలేదు.

మనకు మిగిలిన పాఠం

ఆ బాలికకు నేను ఇచ్చిన మాట ప్రకారం తరగతిలో ఈ కథ చెప్పాను. ఆయనకు డబ్బు పెద్దగా రాలేదమ్మా, జీతం మాత్రమే వచ్చింది. సుఖం అంతకంటె తక్కువ వచ్చింది అన్నాను. తరగతి చాలాసేపు నిశ్శబ్దంగా ఉన్నది. గంట మోగిన తరువాత కూడా ఆమె బల్ల దగ్గరే నిలబడి, తనకూ కొన్ని రోజులు అట్లాగే ఉంటుందని నెమ్మదిగా చెప్పింది. బాగా చదివే పిల్ల. పేచీ ఎరుగని పిల్ల. మూడు సంవత్సరాలుగా ఆమెకు పాఠం చెబుతున్న నేను ఆమె మార్కులు చూశాను గాని ముఖం చూడలేదు. ఆ సంగతి ఒప్పుకోవడానికి నేను నేటికీ సిగ్గుపడుతున్నాను. తల్లిదండ్రులను పిలిపించి మాట్లాడాము, వైద్యునికి చూపించారు. కాలక్రమాన ఆమె తేరుకొని చదువు కొనసాగించింది. ఆ రోజు ఆ ప్రశ్న అడగకపోయినట్లయితే ఏమయ్యేదో ఊహించడానికి కూడా మనసు రాదు.

తుంగభద్ర ఎడమ కాలువ నీటిని నమ్ముకొని వచ్చి, ఈ నేల మీద క్యాంపులు కట్టుకొని, కన్నడ సీమలో తెలుగు అక్షరాన్ని నిలుపుకొన్న కష్టజీవుల బిడ్డలు మన పాఠశాలలో చదివారు. కష్టం ఎరిగిన తల్లిదండ్రులకు బిడ్డల మీద ఆశలు ఎక్కువ. ఆ ఆశ తప్పు కాదు. కాని సాయంత్రం ఇంటికి వచ్చిన బిడ్డను మార్కులు ఎన్ని అని అడిగే ముందు, మనసు ఎట్లా ఉన్నదని ఒక్కమాట అడగండి. కుంగుబాటు బద్ధకం కాదు, పిరికితనమూ కాదు. జ్వరం వంటి జబ్బు. దానికి నేడు వైద్యం ఉన్నది. కేంద్రప్రభుత్వం 2022లో ప్రారంభించిన టెలీ మానస్ సేవకు 14416 సంఖ్యకు ఫోను చేస్తే ఏ వేళనైనా ఉచితంగా సలహా లభిస్తుంది. ఈ సంచికలో ఏ పుట మరచినా ఈ సంఖ్య మాత్రం మరువవద్దని నా మనవి.

నా తోటి ఉపాధ్యాయులకు కూడా ఒక మాట. మన పని ఉత్ప్రేరకపు పనియే. పిల్లలు వస్తారు, కలుస్తారు, పెద్దవారై వెళ్ళిపోతారు. మనం ఇక్కడే మిగిలి తరువాతి తరగతికి నడుస్తాము. ఎక్కడో చిన్న ఊరి కళాశాలలో పార్డీ అనే ఉపాధ్యాయుడు ఒక కుర్రవానిలోని ప్రతిభను గుర్తించకపోతే పెరటిలోని ఈ తాడు లేదు. ప్రతిభను గుర్తించడం సగం పని. ఆ ప్రతిభ మోస్తున్న బరువును కూడా గుర్తించినప్పుడే పని పూర్తి అవుతుంది. శ్రేష్ఠమైన ప్లాటినానికి సైతం చిటికెడు ఇనుము తోడు కావలసి వచ్చిందని కారథర్స్ తన ఇరవై ఏడవ ఏట లోకానికి చూపారు. తరగతిలో అందరికంటె మెరిసే పిల్లవానికి కూడా ఆ తోడు కావాలి.

మన పాఠశాల ఈ ప్లాటినం జూబిలీ నుండి నూరేళ్ళ పండుగ వైపు నడుస్తున్నది. ఆ దారిలో ఏ బిడ్డ చేయీ గొలుసు నుండి జారిపోకుండా పట్టుకొనే శక్తిని మనకందరికీ ఆ భగవంతుడు ప్రసాదించుగాక.